వెనక్కి పిలుస్తుందని

మే 4, శనివారం

మా పాప, దొరసాని గారు, నా ఎడమ చేతి మీద నిద్రపోతోంది. కుడి చేతి బొటనవేలితో ఫోన్లో కొడుతున్నాను. తప్పులు దిద్దను. చదివేది నేనే, నా తప్పులు నాకు అర్థమవుతాయి.

పెద్ద సూట్‌కేసులో చిన్న సూట్‌కేసు పెట్టాను, ఆ చిన్నదాంట్లో పాప బట్టలు. వచ్చేటప్పుడు రెండూ వేరువేరుగా వస్తాయి. రెండోది దేనికని మా ఆయన అడిగారు. తొమ్మిది నెలల పిల్లతో విమానం ఎక్కుతున్నాం, ఏ అవసరం ఎప్పుడొస్తుందో అన్నాను. సరే అన్నారు. ఆయన దేనికైనా సరే అంటారు. బళ్ళో డ్రాయింగు మాస్టారు కాబట్టి సరిపోయింది, మా గుండీల కొట్లో కూర్చోబెడితే వారంలో షట్టర్ దించేవాళ్ళం.

పొద్దున చెల్లి ఫోన్ చేసింది, మేం వెళ్ళేది దాని దగ్గరికే. రెండేళ్ళ నుంచి దాచుకున్న లీవు మొత్తం, పది రోజులూ మా కోసం పెట్టేసిందట. అది అక్కడ పళ్ళ ల్యాబులో పని చేస్తుంది. డాక్టర్లు కొలతలు పంపిస్తే కట్టుడు పళ్ళు తయారు చేస్తుంది. "అక్కా, ఊరు తిరగడాలేవీ వద్దు. పది రోజులూ ఇంట్లోనే కూర్చుందాం. పాప పాకుతుంటే చూస్తూ కబుర్లు చెప్పుకుందాం. మనిద్దరం ఖాళీగా కూర్చున్న రోజు నాకు ఒక్కటీ గుర్తులేదు" అంది. అలాగేనే అన్నాను.

అది ఉండే ఊళ్ళో గుండీల హోల్‌సేలు వీధి ఉందని విని ఆరు నెలలైంది. లేసులు, జిప్పులు కూడా అక్కడేనట. ఒక్క పూట వెళ్ళొస్తే చాలు. ఆ ముక్క చెల్లికి ఇప్పుడే చెప్పడం ఎందుకు, అక్కడికెళ్ళాక చెప్పొచ్చు.

మే 6, సోమవారం

విమానం లేచేటప్పుడు దొరసాని ఏడ్చిన ఏడుపుకి ముందు సీట్లో పెద్దాయన తన చెవుల్లోంచి దూది తీసి, పాపకి పెట్టమని ఇవ్వబోయాడు. మంచివాడే పాపం. సముద్రం మీద నాలుగు గంటలు మా ఆయన నిలబడే ఉన్నారు, దొరసాని గారు భుజం మీద తప్ప పడుకోనంది.

పాస్‌పోర్టు చూసే ఆఫీసరు చాలాసేపు తటపటాయించాడు. ఫొటోలో ఉన్నది నెల పిల్ల, నా చంకలో ఉన్నది తొమ్మిది నెలల పిల్ల. ఇద్దరికీ పోలికే లేదు. దొరసాని అతని పెన్ను లాక్కుని నవ్వింది. స్టాంపు వేసేశాడు.

మే 7, మంగళవారం

చెల్లి మమ్మల్ని చూడనే లేదు, ముందు పాపని లాక్కుంది. అది ఎవరి దగ్గరికీ వెళ్ళదు, పిన్ని దగ్గరికి వెళ్ళింది. ల్యాబులో అంటుకున్న ప్లాస్టరు పొడి ఇంకా చెల్లి కనుబొమల మీద ఉంటే దాన్ని గోకుతూ కూర్చుంది.

ఇల్లు మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఒక గది, ఒక వంటగది. బల్ల మూలలకి స్పాంజి ముక్కలు అంటించింది, ప్లగ్గు కన్నాలన్నీ మూసేసింది, ఎవర్నో అడిగి ఉయ్యాల తెచ్చింది. చేతులు కడుక్కుని పాప చిగుళ్ళు వేలితో తడిమి, "కింది పన్ను ఇవాళో రేపో అన్నట్టుంది. నేను ఇంట్లో ఉండగానే వస్తుంది చూడు. రోజంతా పళ్ళే చేస్తాను గానీ, పన్ను మొలవడం ఎప్పుడూ చూడలేదక్కా" అంది.

నేను చూశాను. దానివే. అమ్మ పోయేనాటికి దానికి నాలుగేళ్ళు, నాకు పదిహేను. నాన్న సరుకు కోసం ఊళ్ళు తిరిగేవాడు, కొట్టూ అదీ రెండూ నా చేతిలో పడ్డాయి. రెండింటినీ బాగానే పెంచాను.

మే 8, బుధవారం

గుండీల వీధికి వెళ్ళొచ్చాను. ఒక్క పూట అన్నాను, వచ్చేసరికి సాయంత్రమైంది. పాప ఏడవలేదని చెల్లి చెప్పింది. ఇంకేం.

మే 9, గురువారం

ఇవాళ కూడా వెళ్ళాను. నిన్న రేట్లు తెలుసుకున్నాను, ఇవాళే అసలు బేరం. ఈసారి దొరసానిని తీసుకెళ్ళాను, చంకలో పిల్ల ఉంటే అమ్మేవాళ్ళు కాస్త మెత్తబడతారు.

ముత్యపు చిప్ప గుండీలు అమ్మే ముసలాయన కాలుక్యులేటర్ మీద ఒక అంకె కొట్టి చూపించాడు. నేను చెరిపి ఇంకోటి కొట్టాను. ఆయన గుండె మీద చెయ్యి వేసుకుని, పెళ్ళాం బిడ్డలు ఏమైపోవాలన్నట్టు పైకి చూశాడు. భాష రాకపోతేనేం, ప్రపంచమంతా ఒకటే నాటకం. అప్పుడు నేను నా పద్ధతి చేశాను. దణ్ణం పెట్టి, సంచి సర్దుకుని, వెనక్కి చూడకుండా నడిచాను. అడుగు మరీ వేగంగా పడకూడదు, ఆగకూడదు. వీధి మలుపు దగ్గరికొచ్చేలోపు పిలిచి తీరతారు. ఇరవై ఏళ్ళలో నన్ను మలుపు దాటనిచ్చినవాళ్ళని వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు.

మూడు కొట్లు దాటకముందే ముసలాయన చెప్పులు టపటపలాడిస్తూ వచ్చాడు.

ఇంటికొచ్చి చెల్లికి ఇదంతా నటించి చూపించాను. మా ఆయన పడీపడీ నవ్వారు. అది కూడా నవ్వింది. "రేపైనా ఇంట్లో ఉంటావా?" అంది. ఉంటానన్నాను.

మే 10, శుక్రవారం

జిప్పుల వీధి వేరే ఉందట, నాకు నిన్నటిదాకా తెలీదు. వెళ్ళొచ్చాను.

మే 11, శనివారం

హోటల్లో ఉన్నాం. ఎందుకో రాసుకుంటే గానీ నాకు సరిగ్గా అంతు చిక్కేలా లేదు.

మధ్యాహ్నం లేసుల కట్టతో మెట్లెక్కి వచ్చేసరికి చెల్లి పాపని ఒళ్ళో పెట్టుకుని నేల మీద కూర్చుని ఉంది. గది నిండా నా సరుకే. ఉయ్యాల మడిచి వంటగదిలో పెట్టింది, గదిలో చోటు లేక. చెల్లి అరిచెయ్యి తెరిచి చూపించింది. నాలుగు కన్నాల గుండీ, తడిగా ఉంది.

"దీని నోట్లోంచి తీశాను" అంది. సంచి ఎక్కడో చిరిగి గుండీలు జారాయి.

అప్పుడు నేను పాపని తీసుకుని, అయ్యో అని ఉండాల్సింది. అనలేదు. భయమేస్తే నాకు కోపమొస్తుంది, ఏం చెయ్యను. మా కొట్లో పిల్లలు గుండీల మధ్యే పెరుగుతారు, నువ్వు పెరగలేదా అన్నాను.

"పెరిగాను" అంది. "కౌంటరు కింద అట్టపెట్టెలో కూర్చోబెట్టేదానివి. నాకు గుర్తుంది. అక్కడి నుంచి నీ కాళ్ళు మాత్రం కనిపించేవి. నేను లీవు పెట్టింది పాపని ఆడించే ఆయాలా ఉండటానికి కాదక్కా. నీతో కూర్చుందామని పెట్టాను. నువ్వు మళ్ళీ కౌంటరు అవతలే ఉన్నావు."

నేను పదిహేనేళ్ళ వయసులో బడి మానేసి పెంచితే దీనికి గుర్తున్నది అట్టపెట్టె.

"సరేనమ్మా, మేం బరువైపోయామన్న మాట. వెళ్ళిపోతాం" అన్నాను. లేచాను. పాపని తీసుకున్నాను. సంచి సర్దాను.

అబద్ధం ఎందుకు, దాని మొహం చూస్తూనే సర్దాను. ఆగమంటుంది, ఏడుస్తుంది, నేను కూర్చుంటాను, ఇద్దరం ముక్కులు తుడుచుకుంటాం అనుకున్నాను. మా ఆయన అయినా నసుగుతారనుకున్నాను. ఎప్పుడూ చెప్పులు వెతుక్కోడానికి పావుగంట పట్టే మనిషి, ఇవాళ ఐదు నిమిషాల్లో పాపని తోసే బండి మడిచి, ఫోన్లో హోటల్ చూసి, సరుకు కుక్కిన రెండు సూట్‌కేసులతో మెట్ల దగ్గర నిలబడ్డారు. పెళ్ళయ్యాక ఇంత చురుగ్గా చూడటం ఇదే మొదలు. మెల్లగా దిగమని కళ్ళతో సైగ చేశాను. మెట్లు జాగ్రత్త అన్నారు.

మూడంతస్తులూ మెల్లగా దిగాను. వీధిలో మెల్లగా నడిచాను. బట్టలుతికే దుకాణం దాటాం, తాళాలు చేసేవాడి బండి దాటాం.

మలుపు వచ్చింది. తిరిగాం.

మే 12, ఆదివారం

ఫోన్ రాలేదు.

మే 13, సోమవారం

పన్ను వచ్చింది. పొద్దున చెంచాతో మెత్తటి అన్నం పెడుతుంటే టక్ మని తగిలింది. కింది చిగురు మీద బియ్యపు నూకంత తెల్లగా ఉంది. మా ఆయన ఫొటో తీసి, "మరదలికి పంపనా?" అన్నారు.

వద్దన్నాను. అది ఫోన్ చేస్తే అప్పుడు చెప్తాను. చిన్నది, అదే ముందు చెయ్యాలి. నేను పంపితే మనమే దిగొచ్చినట్టు ఉంటుంది. రేపటికల్లా చేస్తుంది, తిక్క తగ్గాలిగా.

"ఇది బజారు కాదు" అన్నారాయన. అంతకంటే ఎక్కువ ఆయన ఎప్పుడూ అనరు.

మే 14, మంగళవారం

పాపకి గాలి తగలాలని కాస్త దూరం నడిచాం. నడుస్తూ నడుస్తూ ఆ వీధి వచ్చింది. కావాలని వెళ్ళలేదు. మూడో అంతస్తు కిటికీ మూసి ఉంది. బయట తీగ మీద పాప గౌను ఒకటి ఆరేసి ఉంది, మేం మర్చిపోయింది. ఉతికినట్టుంది. తాళాలు చేసేవాడు నన్ను చూసి తలూపాడు, ఎదురింటి మనిషిలాగా. మూడుసార్లు అటూ ఇటూ తిరిగాం మరి.

మే 15, బుధవారం

మా ఆయన చెల్లితో మెసేజిల్లో మాట్లాడుతున్నారట. మొదటి రోజు నుంచీ. పాప తిన్నదా, జ్వరం గానీ వచ్చిందా అని అది అడగడం, ఈయన చెప్పడం. పన్ను సంగతి మాత్రం చెప్పలేదట, నేను వద్దన్నానని. ఎప్పుడు వినాలో ఎప్పుడు వినకూడదో ఈ మనిషికి తెలిస్తే నా బతుకు ఇంకోలా ఉండేది.

సోమవారం నుంచి పనికి వెళ్తోందట. మిగిలిన లీవు వెనక్కిచ్చేసిందట.

రెండేళ్ళు దాచుకున్న లీవు. నాలుగు రోజులు వాడుకుంది. ఆ నాలుగూ నేను బజార్లో ఉన్నాను.

మే 16, గురువారం

వెళ్దామనుకున్నాను. వాన. తర్వాత దొరసాని పడుకుంది. లేపడం ఎందుకని.

వాన పదకొండింటికే ఆగింది.

మే 17, శుక్రవారం

వెళ్ళాను. పాపా నేనూ మాత్రమే.

దాని ల్యాబు ఒక పెద్ద భవనం కింది అంతస్తులో ఉంది, వీధి వైపు పెద్ద అద్దం. చెల్లి తెల్లకోటు వేసుకుని, వంగి, చిన్న మోటారుతో పన్ను అరగదీస్తోంది. పక్కన అచ్చుల వరస, ఎవరెవరివో నోళ్ళు. అంత శ్రద్ధగా పని చేస్తుందని నాకు తెలీదు. ఎవరూ చూడని పన్ను వెనక వైపు కూడా తిప్పి తిప్పి చూస్తోంది. ఎంతసేపు నిలబడ్డానో, పక్క బల్ల ఆవిడ చూసి దాని భుజం తట్టింది.

పావుగంట విరామం ఉందని బయటికొచ్చింది. సైకిళ్ళు పెట్టే చోట సిమెంటు గట్టు మీద కూర్చున్నాం. పాప దాని మీదికి దూకేసింది. పాప నవ్వితే పన్ను కనిపించింది. చెల్లి మళ్ళీ లోపలికి పరిగెత్తి చేతులు కడుక్కుని వచ్చి, వేలితో తడిమింది.

"ఎప్పుడొచ్చింది?"

"ఇవాళ పొద్దునే" అన్నాను. ఆ అబద్ధం ఎందుకాడానో ఇప్పుడు రాస్తున్నా నాకు తెలీదు. దానికి ఒక్కరోజు కూడా తప్పిపోలేదని అనిపించాలనేమో.

అది ఇంకోసారి తడిమింది. "ఇవాళ్టిది కాదక్కా. అంచు మొత్తం పైకి వచ్చేసింది. నాలుగు రోజులైంది" అంది. కోపంగా కాదు. దాని పని అదే కదా, కొలత చెప్పినట్టు చెప్పింది.

నేను ఉండబట్టలేక, "మేం వెళ్తుంటే ఒక్కసారి ఆగమనలేదేం?" అన్నాను.

"వెళ్తానన్నావు కదా."

"వెళ్ళాలని వెళ్ళానటే? నువ్వు పిలుస్తావని మెట్లు కూడా మెల్లగా దిగాను."

చెల్లి పాప గౌను మీద నలిగిన లేసు సరిచేస్తూ ఉండిపోయింది. తర్వాత అంది, "చిన్నప్పుడు నేను రోడ్డు మీద మొండికేస్తే చెయ్యి వదిలేసేదానివి. సరే, నేను పోతున్నా, నువ్విక్కడే ఉండు అని నడిచేదానివి. గుర్తుందా?"

గుర్తుంది. పిల్లలున్న వాళ్ళందరూ చేసేదే. పది అడుగులు వేసేసరికి ఏడుస్తూ పరిగెత్తుకొచ్చేది, పని తేలిగ్గా అయ్యేది. "నువ్వు రాకపోతే నేను వెనక్కి రానా ఏంటి?" అన్నాను.

"అది నీకు తెలుసు. నాకెలా తెలుస్తుంది? అమ్మ అప్పటికే పోయింది. ప్రతిసారీ నిజమే అనుకునేదాన్ని."

ఎవరో సైకిలు తీసుకోవడానికి వచ్చారు. ఇద్దరం కాళ్ళు ముడుచుకుని దారిచ్చాం.

"మొన్న కూడా నిజమే అనుకున్నాను" అంది. "పరిగెడదామంటే కాళ్ళు రాలేదు, అంతే."

లోపలి నుంచి పిలిచారు. పాప దాని కోటు గుండీ పట్టుకుని వదల్లేదు, చెల్లి ఒక్కొక్క వేలూ విప్పి నా చేతికిచ్చింది. మేం మర్చిపోయిన గౌను కూడా సంచిలోంచి తీసి ఇచ్చింది, మడిచి రోజూ తెచ్చుకుంటోందేమో. విమానం దిగగానే మెసేజ్ పెట్టమంది.

క్షమించమనాలి. "కొట్టుకి కావాల్సినవన్నీ దొరికాయిలే" అన్నాను.

"మంచిదక్కా" అంది.

మే 18, శనివారం

ఎయిర్‌పోర్టులో చిన్న సూట్‌కేసు బరువెక్కువైందన్నారు. పాప బట్టలు తీసి చేతి సంచిలో కుక్కి, గుండీలని మాత్రం సుఖంగా పంపించాం.

మే 29, బుధవారం

ముత్యపు చిప్ప గుండీలకి పెళ్ళి బట్టలు కుట్టే టైలర్లంతా ఎగబడుతున్నారు. ఎలా జరిగింది ప్రయాణం, చెల్లెల్ని బాగా చూసుకున్నావా అని అందరూ అడుగుతున్నారు. బ్రహ్మాండంగా జరిగింది, పది రోజులూ పిల్లని కింద పెట్టలేదు వాళ్ళ పిన్ని అని చెప్తున్నాను. ఎన్నిసార్లు చెప్పానో, నిన్న ఒకావిడకి చెప్తూ ఉయ్యాల ఎక్కడ కట్టామో కూడా చెప్పాను. ఆ ఉయ్యాల మూడు రోజులు వంటగదిలో మడిచి ఉంది.

చెల్లి వారానికోసారి ఫోన్ చేస్తోంది. బాగున్నారా, బాగున్నాం, పాప ఏం చేస్తోంది, పడుకుంది, సరే అక్కా. ఇదివరకు అది గంట మాట్లాడితే నేను బేరాలున్నాయే పెట్టెయ్ అనేదాన్ని. ఇప్పుడు అదే పెట్టేస్తోంది. మర్యాదగా.

జూన్ 4, మంగళవారం

ఇవాళ కొట్టు కట్టేసి బయల్దేరబోతుంటే దొరసాని గుమ్మంలో కూర్చుని షట్టరు గొలుసు పట్టుకుని వదలదు. వేళ్ళు విప్పితే అరుస్తోంది. "సరే, నువ్విక్కడే ఉండు, నేను పోతున్నా" అన్నాను. నోరు దానంతటదే అనేసింది, కాళ్ళు వాటంతటవే రెండడుగులు వేశాయి.

వెనక్కి తిరిగాను. పాప ఏడవడం మానేసింది. గొలుసు వదిలేసింది. నన్నే చూస్తోంది, ఊపిరి కూడా తీసుకోకుండా. ఆ చూపు నాకు కొత్త. ఇరవై ఏళ్ళ కిందట నేను వెనక్కి తిరిగి చూసి ఉంటే కొత్త అయ్యేది కాదు. అప్పట్లో చూసేదాన్ని కాదు, చూస్తే పద్ధతి పాడవుతుంది కదా.

మెట్టు మీదే కూర్చుండిపోయాను, దాన్ని ఒళ్ళో వేసుకుని. పక్క కొట్టు ఫొటోల ఆయన ఒంట్లో బాలేదా అమ్మా అని వచ్చి సోడా ఇచ్చి వెళ్ళాడు.

జూన్ 5, బుధవారం

నేనే ఫోన్ చేశాను, దానికి భోజనం వేళ చూసుకుని. ఏమైందక్కా అంది కంగారుగా. ఏం కాలేదే, ఊరికే అన్నాను. ఊరికే నేను ఫోన్ చెయ్యడం అది పుట్టాక ఇదే మొదలు, నమ్మలేదు. పాపకి బాగుందా, బావకి బాగుందా, కొట్టు బాగుందా అని అన్నీ అడిగింది. అన్నీ బాగున్నాయి.

తర్వాత మాటలు అయిపోయాయి. ఇరవై ఏళ్ళ నుంచి రోజంతా వాగే నోరు నాది.

"నువ్వు పెట్టెయ్ అక్కా, కొట్లో మనుషులుంటారు" అంది.

"ఉంటే ఉండనీ. తప్పు నాదేనే" అన్నాను. "నువ్వు లీవు పెట్టింది నాకోసం. నేను రాలేదు. ఊళ్ళోకి వచ్చాను గానీ నీ దగ్గరికి రాలేదు."

మళ్ళీ లీవు ఎప్పుడొస్తుందని నేను అడగలేదు. ఏ మొహం పెట్టుకుని అడగను. "పని మొదలుపెట్టాలి, పెట్టెయ్ అక్కా" అంది మళ్ళీ.

"నువ్వు పని చేసుకో. నేను పెట్టను" అన్నాను.

ఏం మనిషివే అనుకుందో ఏమో. ఫోన్ బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. కుర్చీ లాగిన చప్పుడు. తర్వాత మోటారు గుయ్యిమంది, ఆగింది, మళ్ళీ గుయ్యిమంది. దొరసాని ఫోన్ దగ్గరికి పాకి వచ్చి చెవి పెట్టింది. ఒకావిడ వచ్చి జాకెట్టు ముక్క చూపించి లేసు అడిగింది, తీసిచ్చాను. రేటు ఎక్కువంది, ఆవిడ చెప్పిన రేటుకే ఇచ్చేశాను. ఇంకొకాయన వచ్చి వెళ్ళాడు.

చాలాసేపటికి మోటారు ఆగింది. తర్వాత ఎక్కడో దూరం నుంచి, ఫోన్ చేతిలోకి తీసుకోకుండానే, మెల్లగా అంది.

"అక్కా, ఉన్నావా?"

"ఉన్నాను" అన్నాను.